పూత లేని పడవ

ఆశ్వయుజ శుద్ధ విదియ

రేవు ఆఫీసు వాళ్ళు ఈ పుస్తకం ఇచ్చారు. పడవ అడుగు ఎలా ఉందో ఇందులో రాయమన్నారు. పూత వేయించుకున్న వాళ్ళు రాయనక్కర్లేదు. మా రేవులో పూత వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నేనొక్కణ్ణే రాయాలి.

పేరు గరికిన బండెయ్య. వయసు డెబ్బై ఒకటి. చదువు అయిదో తరగతి. పడవ పొడవు ఇరవై రెండు అడుగులు, టేకు చెక్క, ఒంటి తెరచాప. కట్టే చోటు పాత హైవే వంతెన, పద్నాలుగో స్తంభం. ఇల్లు అంటే అదే పడవ.

పూత వద్దనడానికి కారణం రాయమని ఒక గడి ఉంది. అసహ్యం అని రాశాను.

ఇన్‌స్పెక్టరమ్మ నీలవేణి గారు చదివి, నవ్వు ఆపుకుని, కళ్ళజోడు తుడుచుకుంది.

"బండెయ్య గారూ, ఇది కారణం కింద రాదండి. ఒంటికి పడకపోతే అది రాయండి. దేవుడి మొక్కు ఏదైనా ఉంటే రాయండి."

"మొక్కు నేదమ్మా. అసయ్యమే" అన్నాను.

ఆవిడ ఆ గడి ఇంకోసారి చదివింది.  చివరికి అలాగే ఉంచింది.

"కార్తీక పౌర్ణమికి వచ్చి చూస్తాను. గుల్లలు ఎక్కడైనా జానెడు మేర మించి పట్టినా, చెక్కలో పురుగు తొలిచిన బెజ్జం కనిపించినా, అప్పటికప్పుడు పూత పూసి వెళ్తాను. మీ పడవలో పెరిగిన పురుగు రేవులో కొయ్యలన్నిటికీ పాకుతుంది కదా. ఒప్పుకుంటారా?"

తలూపాను.

ఈ రోజు గుల్లలు లేవు. పాకుడు కొంచెం.


ఆశ్వయుజ శుద్ధ పంచమి

పాకుడు తుడిచాను. గుల్లలు లేవు.

మా నాన్న కాలంలో వేట నుంచి రాగానే పడవని ఇసక మీదికి లాగేసేవారు. ఎండకి ఆరేది. అంటుకున్నదేదైనా ఉంటే చచ్చి రాలిపోయేది. అడుగు సంగతి ఎవరూ తలచేవారు కాదు. ఇప్పుడు లాగడానికి ఇసక లేదు. పన్నెండు నెలలూ పడవ నీళ్ళలోనే నానుతుంది. నీళ్ళలో నానేది ఏదైనా సరే, వారంలో దాని మీద ఏదో ఒకటి కాపురం పెడుతుంది.

నా పని ఇది. రెండు రోజులకోసారి మునిగి, పాత వల ముక్క ఉండ చుట్టి, అడుగంతా రుద్దుతాను. ఊపిరి పట్టి ముప్ఫై లెక్కపెట్టేదాకా రుద్ది పైకి వస్తాను. మళ్ళీ మునుగుతాను. పాకుడు మెత్తగా ఉండగానే పోవాలి. పది రోజులు ఆగితే దాని మీద ఆవగింజల్లా గుల్లలు కూర్చుంటాయి. తరువాత ఇనప రేకు పెట్టి గీకినా సగమే ఊడతాయి.

పాకుడు కూడా శుభ్రమైనదేమీ కాదు. చంకల్లోకి సన్న పురుగులు పాకుతాయి. నోట్లోకి వస్తే ఉమ్మేస్తాను. కానీ వాటి బతుకు అవి బతుకుతాయి. అవి నా చెయ్యి నాకవు.

నేను మునిగి లేచినప్పుడల్లా మూడో పడవ పెంటయ్య కేకేస్తాడు. వరసకి నాకు అల్లుడు అవుతాడు. అందుకని ఎంతైనా అంటాడు.

"మావా, మా పడవలన్నీ తోలు కట్టుకున్నాయి. నీది గోసీ కూడా నేకుండా నిలబడింది. సిగ్గేత్తంది సూడ్డానికి!"

 నాకు జవాబులు మర్నాటికి తోస్తాయి.


ఆశ్వయుజ శుద్ధ నవమి

పూత అంటే రంగు కాదు. ప్రాణమున్న తోలు. బకెట్లో తెచ్చి, మునిగి పడవ అడుగున పులుముతారు. వారంలో అల్లుకుంటుంది. గుల్లని, పాకుడుని, పురుగుని అంటనివ్వదు, తినేస్తుంది. చెక్కకి చిల్లు పడితే తనే మూస్తుంది. వారానికి ఒక గరిటెడు గంజి పోస్తే చాలంటారు. ఇదంతా నిజమే. నేను కాదనను.

ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అదీ నా బాధ.

పక్క పడవ మా చెల్లెలు కోర్లమ్మది. మా బావ పోయి ఆరేళ్ళయింది. ఆ ఏడే పూత వచ్చింది. ఈ రోజు నేను రుద్దుతుంటే తను పడవ వెనక కూర్చుని దానికి అన్నం పెడుతోంది. నీటి మట్టం దగ్గర తోలు ఒక చోట ముడుచుకుని ఉంటుంది. గరిటె చప్పుడు వినగానే ఆ ముడత విప్పుకుంటుంది. లోపల ఎర్రగా ఉంటుంది. గంజి పోస్తే చప్పరిస్తుంది. తరువాత ఒక బుడగ వదులుతుంది. పుల్లబోయిన కుడితి కంపు.

కోర్లమ్మ నాలుగు గరిటెలు పోసింది. పైన చేప తల ఒకటి.

"వారానికి ఒక గరిటె కదేటి?" అన్నాను.

"ఒక గరిటెతో దాని కడుపెలగ నిండుతాదన్నియ్యా? మన కాళ్ళ కింద ఒక పేణం ఆకలేసి మూలుగుతంటే మనకి ముద్ద దిగుతాదేటి?"

"అది మూలగదు. పీలుస్తాది."

"నీ సెక్క పడవకి నువ్వు రాసే నూనె మాత్రం సెంటు వాసనేటి? జీడితొక్కు నూనె కాసిన రోజు వరసంతా దగ్గుతాం."

"అది వాసన. ఇది కంపు."

కోర్లమ్మ మూతి తిప్పుకుని, ఆ ముడతకి పైటకొంగుతో అంచు తుడిచింది. పిల్లకి మూతి తుడిచినట్టు తుడిచింది. అక్కడ కుంకం బొట్టు కూడా పెట్టి ఉంది.

నేను ఆ పక్క వదిలేసి రెండో పక్కకి వెళ్ళి రుద్దుకున్నాను.


ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

ఈ రెండు రోజులూ పడవని ఒరిగించి అడుగుకి మందు పట్టించాను.

తెరచాప కొయ్య కొసకి తాడు కట్టి స్తంభానికి బిగించి, బరువు రాళ్ళన్నీ ఒక పక్కకి దొర్లిస్తే పడవ పక్కకి పడుకుంటుంది. సగం అడుగు బయటపడుతుంది. ఒక ఆటు అయ్యేలోగా గీకి, ఎండబెట్టి, మందు పూయాలి. మర్నాడు రెండో పక్క. మందు అంటే చేప నూనె, గుల్ల సున్నం, గుగ్గిలం, జీడితొక్కు నూనె కలిపి కాచినది. జీడి చెయ్యి కాలుస్తుంది. ఇదివరకటి పొక్కుల మీద కొత్తవి లేచాయి.

చెక్క గట్టిగా ఉంది. గుద్దితే మోగింది. గుల్లలు లేవు.


ఆశ్వయుజ పౌర్ణమి

ఈ రోజు నీళ్ళ వంతు పెంటయ్యది.

వంతెన కింద మా వరసలో పద్నాలుగు పడవలు. రోజుకో పడవ కొండ కుళాయికి వెళ్ళి వరసంతటికీ నీళ్ళు తెస్తుంది. పన్నెండు డ్రమ్ములు. పొద్దున్నే వెళితే నేను మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చేస్తాను. పెంటయ్య దీపాల వేళకి వచ్చాడు. ఆరు డ్రమ్ములే తెచ్చాడు.

"గాలి నేదు మావా" అన్నాడు.

గాలి ఉంది. అతని తెరచాప నిండుగా ఉబ్బింది. అది పాత ఫ్లెక్సీ గుడ్డతో కుట్టిన చాప. దాని మీద ఎవరిదో దండం పెడుతున్న బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ బుగ్గలు కూడా ఉబ్బాయి. పడవ మాత్రం బురదలో గేదెలా వచ్చింది.

చూస్తే నీటి మట్టం దాటి చేతి మందాన తోలు. అడుగున ఇంకెంతుందో. వారం వారం వేపుడు కూడా పెడుతున్నాడట. ఎండు చేప అడుగుతుందట. అడుగుతుందని తనకెలా తెలుసో నేను అడగలేదు. చెబితే వినాలి.


ఆశ్వయుజ బహుళ సప్తమి

గుల్లలు లేవు. పాకుడు తుడిచాను.

కోర్లమ్మ పడవ నుంచి నా పడవకి కట్టిన తాడు మీద తోలు పాకుతోంది. మూరెడు వచ్చేసింది. తడిగా, పాలిపోయి, పెద్ద పేగులా ఉంది. వేలితో తాకాను. వేలిని పట్టుకుంది. లాక్కుంటే చప్పుడు చేసి వదిలింది.

ఇసక లేదు కనక సున్నంతో చెయ్యి తోముకున్నాను. చర్మం లేచిపోయింది. వెచ్చదనం పోలేదు.

తాడు విప్పేసి ఇనప గొలుసు వేశాను. గొలుసుకి జీడి నూనె పట్టించాను. కోర్లమ్మ ఇది చూసి మాట్లాడ్డం మానేసింది. వరసలో చివరి పడవ నాది కావడం మంచిదయింది. నాకు ఒక పక్కే తోలుంది.


ఆశ్వయుజ అమావాస్య

గుల్లలు లేవు. పెద్ద పోటు. దీపాలు పెట్టారు. కోర్లమ్మ తోలు పక్కన కూడా ఒకటి పెట్టింది.


కార్తీక శుద్ధ చవితి

నాగుల చవితి.

పుట్టలున్న నేలంతా నీళ్ళ కింద ఉంది. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళు వంతెన మీద సిమెంటు పగులు ఒకటి చూసుకుని అందులో పాలు పోసేవారు. ఈ ఏడు మా కోర్లమ్మకి ఒక ఆలోచన తోచింది.

"సిమెంటు పగుల్లో పోస్తే ఎవుడు తాగుతాడు? ఇగో, మన పడవ కింద పాకే దేవుడుండగా! అదీ సల్లగా సూసేదే, అదీ పడగలాగ ఇప్పుకునేదే."

ఒక పడవలో చేసింది చూసి అన్ని పడవల్లో చేశారు. మేకపాలు, డబ్బా పాలు, చలిమిడి, చిమ్మిలి, అరటిపళ్ళు, కోడిగుడ్లు. పొద్దుటి నుంచి తలస్నానాలు చేసి, తడి బట్టలతో, పదమూడు పడవల వాళ్ళూ పోస్తూనే ఉన్నారు. పోస్తున్నకొద్దీ అది తెరుస్తూనే ఉంది. చప్పరింపు వంతెన పైకి వినిపించింది. పెంటయ్య పెళ్ళాం నూకాలు నిండు చూలాలు. ఆ పిల్ల కూడా వంగి వంగి చలిమిడి ముద్దలు వేసింది.

నేను ఒక్క మాట అందామని వంతెన మెట్ల దాకా వెళ్ళాను. అందరూ దండం పెట్టుకుంటున్నారు. దండం పెట్టే వాళ్ళ మధ్య ఏమని అనను? తిరిగి వచ్చేశాను.

అనాల్సింది.


కార్తీక శుద్ధ షష్ఠి

రెండు రోజుల్లో ఉబ్బి, పక్క పడవ తోలుతో కలిసిపోయింది. పదమూడు పడవలూ ఒకటే తోలు. పడవల మధ్య నీళ్ళు కనిపించడం లేదు. పాలిపోయిన కండ కనిపిస్తోంది. దాని మీద అరటి తొక్కలు, కుంకం.

పెంటయ్య రెండు పడవల మధ్య కాలు పెట్టి నిలబడ్డాడు. మునగలేదు. నవ్వుదామని చూశాడు, నవ్వు రాలేదు.

కత్తులతో కోశారు. తెల్లటి పాలు కారాయి. ఆ కంపుకి నూకాలు వాంతి చేసుకుంది. కోసిన చోటు తరువాతి పోటుకి అతుక్కుంది. కోర్లమ్మ తన పడవ దగ్గర కొయ్యనివ్వలేదు. చేతులు చాపి అడ్డం నిలబడింది.

ఆఫీసుకి కబురు పెట్టారు. ఇంకో రెండు రేవుల్లోనూ ఇదే గొడవట. తిండి తగ్గించండి, దానంతటదే బక్కచిక్కి వదులుతుంది, నెలపైన పడుతుంది అని జవాబు వచ్చింది. పంపడానికి మోటారు పడవ లేదట.

ఈ రోజు నీళ్ళ వంతు కోర్లమ్మది. కదిలే పడవ నాదొక్కటే.

అందరూ నా పడవ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ అడగలేదు. గోచీ మాట ఎవరూ ఎత్తలేదు. డ్రమ్ములు ఎక్కించమన్నాను.


కార్తీక శుద్ధ సప్తమి

నీళ్ళు పన్నెండు డ్రమ్ములు. గాలి మంచిది.


కార్తీక శుద్ధ అష్టమి

నీళ్ళు పన్నెండు. అడుగు చూడలేదు. డ్రమ్ములు దించేసరికి నడుం పట్టేసింది.


కార్తీక శుద్ధ నవమి

నీళ్ళు పన్నెండు. నూకాలుకి కొడుకు పుట్టాడు. తల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి. రేపటి నుంచి పద్నాలుగు తెస్తాను.


కార్తీక శుద్ధ ఏకాదశి

వస్తున్నప్పుడు పడవ బరువుగా తోచింది. నీళ్ళ బరువు కాదు. నాకు తెలుసు ఆ బరువు.

మునిగి చేత్తో తడిమాను. పాకుడు వేలి మందాన ఉంది. దాని కింద ఆవగింజలు. మధ్య పలకల మీద మూడు జానల మేర.

రెండు పక్కలా ఒరిగించి గీకాలంటే రెండు రోజులు కావాలి. రెండు రోజులు పడవ కదలదు. పౌర్ణమికి నాలుగు రోజులుంది.

తిండి తగ్గించారా అని అడిగాను. అందరూ తగ్గించామన్నారు. తోలు మాత్రం మొన్నటి కంటే లావుగా ఉంది.


కార్తీక శుద్ధ ద్వాదశి

పెంటయ్య వచ్చాడు. తల గోక్కున్నాడు.

"మావా, నువ్వు నీళ్ళకెల్లక ముందు ఒక గంట నాను దిగి గీకీత్తాను. నీ పడవ అడుగు పాడైపోతందని కోర్లత్త సెప్పింది."

అతను ఆరేళ్ళుగా పడవ కింద మునగలేదు. అయినా మనసులో మంచి ఉంది. రేకు ఇచ్చాను. పొట్ట మూలంగా కిందికి పోలేక తన్నుకున్నాడు. నాలుగు మునకల తరువాత రక్తం కారే చెయ్యితో పైకి వచ్చాడు. గుల్లలు కోసేశాయి.

"మావా, గట్టిగానే గీకినాను!"

తరువాత నేను దిగి చూశాను. గుల్లలు అలాగే ఉన్నాయి. మందు గీకేశాడు. పలకల సందులో గుగ్గిలం కూడా పెళ్ళగించాడు. పడవలోకి నీరు ఊరుతోంది.

"బాగా సేసినావు" అన్నాను. పాపం, చెయ్యి గుడ్డతో చుట్టుకుంటున్నాడు.

నీళ్ళు పద్నాలుగు. సగం దారి నీళ్ళు తోడుకుంటూ వచ్చాను.


కార్తీక శుద్ధ త్రయోదశి

కోర్లమ్మ వచ్చి నా పడవ అంచు మీద కూర్చుంది. తాడు విప్పిన నాటి నుంచి మాట్లాడలేదు. ఈ రోజే.

"రెండు రోజులు నీళ్ళు మానేయన్నియ్యా. పడవని ఒరిగించుకో. ఉన్న నీళ్ళు గుక్కలు గుక్కలుగా సర్దుకుంటాం."

"ఉన్నవి ఎన్ని?"

"నాలుగు డ్రమ్ములు."

"బాలింతకి?"

 నూకాలు కొడుకు ఏడుపు వినిపిస్తోంది. ఆ కుర్రకుంకకి తోలు తెలియదు, చెక్క తెలియదు.

"తిండి మానిపించు దానికి. మీ పడవలు ఇడిపోతాయి. అప్పుడు నానొరిగించుకుంటాను" అన్నాను.

"మానిపిస్తన్నాను."

"సిన్నప్పట్నుంచీ నీకు అబద్దం రాదు."

తను ఏడ్చింది. "నాను మానీసినా అది మానదన్నియ్యా. పొద్దుగూకితే పలకల కింద మూలుగుతాది. ఒక్క ముద్ద ఏస్తాను. ఊరుకుంటాది. మీ బావ పోనాక ఆ పడవలో నాతోటి సప్పుడు సేసింది అదొక్కటే."

ఇది నాకు తెలియదు. ఆరేళ్ళు పక్క పడవలో ఉన్నాను.

నాకు దాని మీద అసహ్యం తగ్గలేదు. తన మీద కోపం తగ్గింది.

నీళ్ళకి వెళ్ళాను.


కార్తీక పౌర్ణమి

నీలవేణి గారు చిన్న పడవలో వచ్చింది. వెంట ఒక బకెట్, దాని మీద మూత. మూత లోపల ఏదో మెదులుతోంది.

వరసని చూసి ముక్కుకి రుమాలు పెట్టుకుంది.

"గరిటెడు అని అంత పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం కదమ్మా" అంది.

"ఏ గరిటో రాయనేదు కదమ్మా" అన్నాడు పెంటయ్య. ఎవరూ నవ్వలేదు.

నా పడవ కిందికి అద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. నేను వంతెన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. 

"గుల్లలున్నాయి. జానెడు దాటింది" అంది. తరువాత గొంతు తగ్గించింది. "బండెయ్య గారూ, మీరు ఈ తొమ్మిది రోజులూ ఏం చేశారో వీళ్ళు చెప్పారు. నేను మనిషినే. పుస్తకంలో జానెడు లోపే అని రాస్తాను. వచ్చే పౌర్ణమి దాకా ఎవరూ అడగరు."

నాకు కావలసింది అదే. నలభై రోజులుగా కోరుకున్నది అదే. చెయ్యి చాపితే ఇచ్చేస్తోంది.

నేను ఆవిడని ఆగమని, మునిగి, పెంటయ్య గుగ్గిలం పెళ్ళగించిన సందు దగ్గర వేలు పెట్టి, పైకి వచ్చి చూపించాను. అద్దం అక్కడికి అందలేదు. గోరు పట్టేంత బెజ్జాలు రెండు. పురుగు దిగింది.

"ఇది సూడనేదు మీరు" అన్నాను.

"మీరెందుకు చూపించారు?"

నాకు పెద్ద మాటలు రావు. రోజూ నీళ్ళకి పోతే గీకడానికి ఉండదు. గీకడానికి ఆగితే నీళ్ళు ఉండవు. ఆ రెండు బెజ్జాలూ నెల తిరిగేసరికి రెండు వందలవుతాయి. పడవ కొండ దారిలో మునిగితే పద్నాలుగు డ్రమ్ములూ మునుగుతాయి. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. బయటికి ఒకటే వచ్చింది.

"పూసీయండమ్మా."

 కోర్లమ్మ "వద్దన్నియ్యా" అంది. తోలుని అంత ప్రేమించే మనిషి వద్దంది.

పూశారు. నేను చూడలేదు. స్తంభం వైపు తిరిగి నిలబడ్డాను. చప్పుడు విన్నాను.


కార్తీక బహుళ పంచమి

పూత పడ్డాక ఈ పుస్తకం రాయనక్కర్లేదన్నారు. రాస్తున్నాను. దీన్ని ఒకడు అసహ్యించుకుంటున్నట్టు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మూడు రోజులు వంతెన మీద పడుకున్నాను. నాలుగో రోజు వాన పడితే పడవలోకి వెళ్ళాను. చాప కింద పలకలు గోరువెచ్చగా ఉన్నాయి. ఎవరో లేచి వెళ్ళిన పక్క మీద పడుకున్నట్టుంది. కూర్చునే తెల్లవారేదాకా ఉన్నాను.

నీరు ఊరడం ఆగింది. గుల్లలు లేవు. పురుగు లేదు. నా చేతి పొక్కులు మానుతున్నాయి. ఇవి కూడా రాయాలి కనక రాశాను.

నీళ్ళు పద్నాలుగు. మధ్యాహ్నానికే వచ్చాను.


కార్తీక బహుళ సప్తమి

మొదటి గంజి పెట్టే రోజు.

ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. గరిటె నిండా తీసి, అంచు దాకా ఉన్నది వేలితో గీసి సమం చేశాను. ముడత తెరుచుకుంది. ముఖం పక్కకి తిప్పి పోశాను. చప్పరించింది. బుడగ వదిలింది. తరువాత మళ్ళీ తెరిచింది.

గరిటె కడిగేశాను.

అది తెరుచుకునే ఉంది. పలకల కింద మూలిగింది. కోర్లమ్మ చెప్పింది నిజమే, మూలుగే. పిల్లి కూన గొంతు. వరసలో ఆడవాళ్ళు నా వైపు చూస్తున్నారు. నేను వల బాగుచేసుకున్నాను. చీకటి పడేదాకా మూలిగింది. నాకు జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. వెయ్యలేదు. 


కార్తీక బహుళ చతుర్దశి

నీళ్ళు పద్నాలుగు. రెండో గరిటె పెట్టాను. నా పడవ తోలు పలచగా, ఉల్లిపొరలా ఉంది. పడవ ఎప్పటిలా నడుస్తోంది.

సాయంత్రం కోర్లమ్మ వచ్చింది. కొంగులో ఏదో దాచి తెచ్చింది. తీసి నా ముందు పెట్టింది. తన గరిటె.

"అన్నియ్యా, నా సెయ్యి ఆగదు. ఎన్ని మాట్లనుకున్నా ఆగదు. నువ్వు దాన్ని సూస్తే మొకం తిప్పుకుంటావు. ఆ మొకం తోటే వచ్చి మా దానికి కూడా పెట్టు. నాను ఆ ఏళకి వంతెన మీదికి పోతాను."

"నానా? నీ దానికా?"

"మరెవుడున్నాడు? ఈ వరసలో అందరికీ దానిమీద పేణమే."

నేను గరిటె వైపు చూశాను. దాని కాడకి పసుపు రాసి ఉంది. చెయ్యనని చెప్పడానికి నోరు తెరిచాను. పెంటయ్య గొంతు సవరించుకుంటూ వెనక నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఇంకో గరిటె. అతని వెనక ఇంకా ఉన్నారు.

"వేపుడు సట్టి కూడా నీ కాడ పెట్టీమంటావేటి మావా?" అన్నాడు. నూకాలు వెనక నుంచి అతని వీపు మీద గుద్దింది.


మార్గశిర శుద్ధ త్రయోదశి

శుక్రవారం శుక్రవారం నేనే పెడుతున్నాను. నీళ్ళకి పొద్దున్నే పోయి వచ్చి, ముక్కుకి రెండు మడతల గుడ్డ కట్టుకుని, మొదటి స్తంభం నుంచి మొదలుపెడతాను.

ఆ వేళకి పడవల వాళ్ళంతా వంతెన మీదికి పోతారు. కొందరు చెవులు మూసుకుంటారు. పెంటయ్య పాటలు పాడతాడు, మూలుగు వినపడకుండా. పడవకి ఒక గరిటె. సమం చేసి పోస్తాను. కొన్నిటికి కుంకం ఉంది. కొన్నిటికి పూసలు కూడా. ఒక్కొక్కటి ఒక్కో కంపు. ఏ ఇంట్లో ఏం వండి పెట్టారో ఆ కంపులో ఇంకా ఉంది. నాకూ తెలిసిపోతోంది. ఇంత మంది వంటింటి గుట్టు తెలుసుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

మధ్యలో ఒకసారి వాంతి చేసుకున్నాను. అది కూడా పీల్చేసింది. నోరు పుక్కిలించి మళ్ళీ గరిటె తీసుకున్నాను.

కోర్లమ్మ పడవ దగ్గరికి వచ్చేసరికి, దానికీ పక్కదానికీ మధ్య ఒక గీత కనిపించింది. తోలు ముడతలు పడి లోపలికి పోయింది. వేలెడు సందు. సందులో నీళ్ళు, నీళ్ళలో ఎండ.

చెప్పకుండా ఉండాల్సింది. మళ్ళీ జాలి పుట్టుకొచ్చి పెట్టేస్తారని భయం. కానీ నా కేక నాకంటే ముందు పోయింది. అందరూ దిగి వచ్చారు. వంగి వంగి ఆ వేలెడు నీళ్ళనే చూశారు. నూకాలు పిల్లాణ్ణి ఎత్తి చూపించింది.

కోర్లమ్మ మాత్రం నీళ్ళని చూడలేదు. ముడతలు పడ్డ తోలుని చూసింది. "ఎలగ సిక్కిపోనాదో" అంది. తరువాత తనే తల తిప్పుకుని, "తొందరగా పెట్టీసి పో అన్నియ్యా, నాను సూణ్ణేను" అని వంతెన ఎక్కేసింది.

దానికి పెట్టాను. నా దానికి ఆఖరున పెట్టాను.

పద్నాలుగూ అయ్యాయి. సున్నంతో మోచేతుల దాకా తోముకున్నాను. వాసన చూసుకున్నాను. మళ్ళీ తోముకున్నాను.